తల్లీబిడ్డల ఆరోగ్యం: కార్డు ఒక భాషలో, ఇల్లు ఇంకో భాషలో

బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూర్ లాంటి ఊళ్ళలో తరాలుగా ఉంటున్న మన ఇళ్ళలో కోడలు నెల తప్పితే ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఇచ్చే కార్డు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. ఆ భాషలో చదువుకున్న కోడలు దాన్ని చదవగలదు. పక్కనుండి పథ్యం చూసే అత్తగారికి, పురుడు పోసే అమ్మకు చాలాసార్లు ఆ లిపి రాదు. వాళ్ళకు తెలిసిన తెలుగులో ఫోనుకు వచ్చేవి ఎక్కువగా వాట్సాప్ సందేశాలు, వీడియోలు. ఇక ఇంట్లో ఏదైనా తేల్చుకోవలసి వచ్చినప్పుడు అర్థమైన మాటే నెగ్గుతుంది, అది సరైనదైనా కాకపోయినా.

అందుకే గర్భిణులు, చంటిపిల్లలు, ఎదిగే పిల్లల ఆరోగ్యం గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎలా సరిచూసుకోవాలో ఇక్కడ ఒకచోట పెడుతున్నాం. ఇది డాక్టరు సలహాకు బదులు కాదు. డాక్టరును, నర్సును ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

ముందుగా విడదీయవలసినవి రెండు

ఆరోగ్య సమాచారం రెండు రకాలు. ఒంటికి సంబంధించినది ఒకటి, పథకాలకు సంబంధించినది ఇంకొకటి. రక్తం తగ్గితే ఏమవుతుంది, బిడ్డకు విరేచనాలైతే ఏం తాగించాలి అన్న విషయాలు గుంటూరులో ఎంత నిజమో గంజాంలోనూ అంతే నిజం. వీటిని తెలుగులో చదివి నిశ్చింతగా వాడుకోవచ్చు. పథకాలు అలా కాదు. ఎంత డబ్బు వస్తుంది, ఏ కార్డు చూపాలి, ఎవరికి అర్హత అన్నవి మీరు ఉంటున్న రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

కేసీఆర్ కిట్ గురించో, ఆరోగ్యశ్రీ గురించో తెలుగులో వచ్చిన వీడియో చూసి మన ఊరి ఆసుపత్రిలో అడిగితే పని జరగదు. యానాంలో ఈ తికమక ఇంకా ఎక్కువ. అక్కడ మాట తెలుగు, రాత తెలుగు, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది. పొరుగూరి బంధువుకు వచ్చిన పథకం యానాం చిరునామా ఉన్నవారికి వర్తించకపోవచ్చు.

దేశమంతటికీ ఒకేలా ఉండేవి కొన్ని ఉన్నాయి. ఇవి ఏ రాష్ట్రంలో ఉన్నా అడగవచ్చు.

- జననీ శిశు సురక్ష కార్యక్రమం: 2011 జూన్ 1న మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఆసుపత్రిలో భోజనం, రాకపోకల వాహనం కూడా ఇందులో ఉంటాయి. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేసినా వైద్యం ఉచితం.
- ప్రధానమంత్రి మాతృ వందన యోజన: మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు. ప్రభుత్వోద్యోగులకు వర్తించదు. దరఖాస్తు అంగన్‌వాడీ ద్వారా పెట్టవచ్చు.
- ప్రతి నెలా 9వ తేదీ: ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షించే రోజు. 2016 నుంచి జరుగుతోంది.
- పిల్లల టీకాలు: ప్రభుత్వ పట్టిక దేశమంతా దాదాపు ఒకటే. మెదడువాపు టీకా మాత్రం కొన్ని జిల్లాల్లోనే వేస్తారు.

మన రాష్ట్రంలో దేన్ని ఏమంటారు

కర్ణాటక: గర్భిణికి ఇచ్చేది తాయి కార్డు. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం వేడి భోజనం పెట్టే మాతృపూర్ణ పథకం 2017 అక్టోబరు 2న మొదలైంది.

తమిళనాడు: గర్భం నమోదు చేస్తే పిక్మీ నంబరు ఇస్తారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరున ఉన్న ప్రసూతి సాయానికి, బిడ్డ జనన ధ్రువపత్రానికి కూడా ఈ నంబరు అడుగుతారు. ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకునేవారు కూడా ఊరి ఆరోగ్య నర్సు దగ్గర నమోదు చేయించుకోవాలి.

ఒడిశా: మమతా పథకం 2011లో వచ్చింది. ఊళ్ళో టీకాలు వేసి, గర్భిణులను చూసే రోజును మమతా దివస్ అంటారు. కొరాపుట్, రాయగడ లాంటి కొండ ప్రాంతాల్లో నెలలు నిండినవారు ముందే వచ్చి ఉండటానికి మా గృహాలు ఉన్నాయి.

మహారాష్ట్ర: గడ్చిరోలి లాంటి గిరిజన ప్రాంతాల్లో ఇలాంటి వసతినే మాహేర్‌ఘర్ అంటారు. మాహేర్ అంటే పుట్టిల్లు. షోలాపూర్‌లో మన ఆడవాళ్ళు చాలామంది బీడీలు చుడతారు. పొగాకులోని నికోటిన్ చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది. గర్భిణి తాను చేసే పని ఏమిటో నర్సుకు తప్పక చెప్పాలి. చంటిబిడ్డ పడుకునే గదిలో ఆకు, తంబాకు ఉంచకూడదు.

అన్నిటికంటే ముందు చదవాల్సింది చేతిలోని కార్డే

పేరు ఏదైనా, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు దేశమంతా ఒకే నమూనా మీద తయారైంది. ఎప్పుడు ఏ పరీక్ష, ఏ టీకా, ఏ లక్షణం కనబడితే పరుగెత్తాలి అన్నవి బొమ్మలతో సహా అందులో ఉంటాయి. బిడ్డ బరువును గుర్తించే గీతల పటం ఉంటుంది. ఆకుపచ్చ భాగంలో చుక్క పడితే బరువు సరిపోయినట్టు, పసుపులో పడితే తగ్గినట్టు, నారింజలో పడితే బాగా తగ్గినట్టు. రంగు చూడటానికి లిపి రానక్కర్లేదు. ఒక్క చుక్క కంటే గీత ఎటు పోతోందన్నది ముఖ్యం. రెండు నెలలుగా గీత పైకి లేవకుండా అడ్డంగా పోతుంటే అంగన్‌వాడీ టీచరును, నర్సును అడగాలి.

ఇదే కార్డు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తెలుగులో ఉంటుంది. అక్కడి బంధువుల ఇంట్లో ఉంటే ఫోటో తీసి పంపమనండి. మీ కార్డు పక్కన పెట్టుకుంటే పెద్దవాళ్ళకు చదివి వినిపించడం సులువు.

కాన్పు ఆసుపత్రిలో అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. ఆమె వచ్చినప్పుడు కోడలితో పాటు ఇంట్లో పెద్దావిడ కూడా కూర్చుంటే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

పురుడుకు పుట్టింటికి వెళ్తే

బళ్ళారి కోడలు అనంతపురానికి, హోసూరు కోడలు కుప్పానికి, రాయగడ కోడలు పార్వతీపురానికి వెళ్ళడం మనకు మామూలే. రాష్ట్రం మారుతుంది కాబట్టి మూడు జాగ్రత్తలు.

- అసలు కార్డు, రక్త పరీక్షల కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు వెంట తీసుకెళ్ళాలి. అన్నిటికీ ఫోనులో ఫోటోలు ఉండాలి. వెళ్ళేముందు ఇక్కడి ఆశాకు, చేరగానే అక్కడి ఆశాకు చెప్పాలి.
- బిడ్డ ఎక్కడ పుడితే జననం అక్కడే నమోదవుతుంది. 21 రోజుల లోపు చేయించాలి. ధ్రువపత్రం చేతికి వచ్చాకే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం మంచిది.
- టీకా వాయిదా వేయకూడదు. ఏ ఊళ్ళో ప్రభుత్వ కేంద్రమైనా వేస్తారు. యు-విన్‌లో ఎక్కించమని అడిగితే ఏ రాష్ట్రంలో వేసినా వివరం ఒకేచోట ఉంటుంది.

తడబడే మాటలు

సరైన సమాచారం ఉన్నా మాట దగ్గర దారి తప్పుతుంది. ముఖ్యమైన మాటలను కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ వరుసలో ఇస్తున్నాం.

- కాన్పు: హెరిగె, పిరసవం, ప్రసబ, ప్రసూతీ
- టీకా: లసికె, తడుప్పూసి, టీకా, లస్
- బరువు: తూక, ఎడై, ఓజన, వజన్
- జ్వరం: జ్వర, కాయ్‌చ్చల్, జ్వర, తాప్
- తల్లిపాలు: తాయి హాలు, తాయ్‌ప్పాల్, మా క్షీర, ఆయీచం దూధ్
- రక్తహీనత: రక్తహీనతె, ఇరత్త సోగై, రక్తహీనతా, రక్తక్షయ్
- కళ్ళు తిరగడం: తలె సుత్తు, తలై సుట్రల్, ముండ బులాఇబా, చక్కర్

ఇందులో రెండు మాటల దగ్గర మరీ జాగ్రత్త. మరాఠీ కాగితం మీద రక్తక్షయ్ అని చూసి క్షయ జబ్బు అనుకుని భయపడవద్దు. అది రక్తం తక్కువ కావడమే. రెండోది, మనం కళ్ళు తిరుగుతున్నాయి అంటాం. మిగతావాళ్ళు తల తిరుగుతోంది అంటారు. మన మాటను ఉన్నదున్నట్టు మార్చి కళ్ళ గురించి చెబితే నర్సు చూపు దోషమనుకోవచ్చు. గర్భిణికి చూపు మసకబారడం రక్తపోటు పెరిగిందనడానికి గుర్తు, అది వేరే అత్యవసరం. కాబట్టి తల తిరుగుతోందా, చూపు మసకగా ఉందా, రెండూనా అన్నది విడివిడిగా చెప్పాలి. మాట రాకపోతే వేలితో చూపించి చెప్పినా తప్పులేదు.

గర్భిణి విషయంలో తెలిసి ఉండాల్సినవి

కనీసం నాలుగుసార్లు పరీక్ష చేయించుకోవాలి. మొదటిది 12 వారాల లోపే. ప్రతిసారీ బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్, మూత్రం చూడాలి. రక్తపోటు 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరు చూడాల్సిందే. చక్కెర పరీక్ష 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి 2 గంటల తర్వాత చేస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి.

హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదకరం. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు కలిపి వేసుకోకూడదు, కనీసం 2 గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీలతో ఐరన్ వేసుకుంటే ఒంటికి పట్టదు. మలం నల్లగా వస్తే బెదిరి మానేయవద్దు, అది మాత్ర వల్లే. మాత్రలతో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న మాట మన ఇళ్ళలో ఇంకా వినిపిస్తుంది. అది నిజం కాదు. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో రక్తస్రావమైతే తట్టుకోవడమే కష్టం.

రక్తం పోవడం, ఉమ్మనీరు కారడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖానికి చేతులకు వాపు, ఫిట్స్, గట్టి జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

బాలింతకు నూనెతో మర్దన, విశ్రాంతి, సున్నుండలు మంచివే. నీళ్ళు తగ్గించడం, కూరలూ పండ్లూ మాన్పించడం మాత్రం ఆమెకు నష్టం. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్ళు కావాలి. కాన్పయ్యాక రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు, బిడ్డ మీద మనసు నిలవకపోవడం ఉంటే అది పొగరు కాదు, గాలి సోకడం కాదు. వైద్యంతో తగ్గే జబ్బు.

చంటిబిడ్డ విషయంలో

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆముదం, పంచదార నీళ్ళు, తేనె నాకించడం వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదం కూడా. బొడ్డుకు పసుపు, నూనె, పౌడరు ఏదీ రాయకూడదు. ఆరు నెలలు నిండాక మెత్తటి అన్నం, పప్పు, రాగి జావ, గుడ్డు మొదలుపెట్టి, రెండేళ్ళ దాకా తల్లిపాలు కొనసాగించాలి.

పాలు తాగకపోవడం, ఒళ్ళు చల్లబడటం, అరచేతులు అరికాళ్ళు పచ్చబడటం, డొక్కలు ఎగరేయడం ప్రమాద సూచనలు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, లేదా అంతకు మించితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

విరేచనాలకు ఓఆర్ఎస్, జింక్. ఒక లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. జింక్ 14 రోజులు ఇవ్వాలి: 2 నుంచి 6 నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అన్న మాట చూసుకోండి.

ఎదిగే పిల్లల విషయంలో

10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరి 7న మొదలైంది. బడిలో, అంగన్‌వాడీలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర ఐరన్ మాత్రే. అది ఆడపిల్లలకూ మగపిల్లలకూ కూడా. పరగడుపున కాకుండా భోజనం చేశాక వేసుకుంటే కడుపులో తిప్పదు.

ఈ వయసువాళ్ళు గుట్టుగా మాట్లాడుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్లినిక్‌లు ఉన్నాయి. కర్ణాటకలో స్నేహా, ఒడిశాలో శ్రద్ధా, మహారాష్ట్రలో మైత్రి అంటారు. బహిష్టు నొప్పి, మొటిమలు, బరువు, దిగులు, మగపిల్లల సందేహాలు ఏవైనా అడగవచ్చు.

రజస్వల అయిన మొదటి ఏడాది రెండేళ్ళు నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. ఏడు రోజులు దాటి పోతున్నా, గంట రెండు గంటలకొక ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా డాక్టరుకు చూపించాలి. వేడుక మీ ఇష్టం, బడి మాన్పించడం మాత్రం వద్దు. మన పిల్లలకు ఈ సంగతుల పేర్లు బడి భాషలో తెలుసు, అమ్మలకు తెలుగులో తెలుసు. మాట కలవకపోవడం వల్లే చాలా ఇళ్ళలో ఈ కబురు నడవదు. రెండు భాషల్లో ఆ మాటలను తల్లీకూతుళ్ళు కలిసి రాసుకుంటే మాట్లాడుకోవడం తేలికవుతుంది.

ఫోనుకు వచ్చినదాన్ని సరిచూడటం

- ఎవరు చెప్పారు? పేరు, చదువు, పనిచేసే చోటు లేకుండా పెద్ద డాక్టరు అని మాత్రమే ఉంటే పక్కన పెట్టండి.
- ఎప్పటిది? పథకాల సొమ్ము మారుతుంటుంది. తేదీ లేని సందేశం పనికిరాదు.
- ఏ రాష్ట్రానిది? పథకమైతే ఇది మొదటి ప్రశ్న.
- చివర్లో ఏదైనా అమ్ముతున్నారా? రెండేళ్ళ లోపు పిల్లల పాలపొడి, డబ్బా ఆహారాలకు ప్రకటనలు ఇవ్వడమే 1992 నాటి చట్టం ప్రకారం నిషేధం. అలాంటి ప్రకటన సలహా రూపంలో వచ్చినా నమ్మవద్దు.
- మగబిడ్డ కోసం మందు, బిడ్డ తెల్లగా పుట్టడానికి కుంకుమపువ్వు, పొట్ట చూసి ఆడో మగో చెప్పడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ సందేశం మొత్తాన్ని వదిలేయండి.
- మందు మోతాదు చెప్పి బిడ్డ వయసు, బరువు అడగకపోతే అది ప్రమాదం.

తెలుగులో నమ్మదగినవి

తిండి విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాట ప్రమాణం. ఈ సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు మారింది. భారతీయుల ఆహార నియమాలను 2024లో తిరగరాసి విడుదల చేసింది. సి-డాక్ హైదరాబాద్ నడిపే వికాస్‌పీడియాలో ఆరోగ్య విభాగం తెలుగులో ఉంది. వీటిలో ఒంటికి సంబంధించిన విషయాలు తీసుకోండి. పథకాల సంగతి మీ ఊరి ఆశానే అడగండి.

ఫోను నంబర్లు: అంబులెన్స్ 108. ఆరోగ్య సలహాకు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో 104. పిల్లలకు ఆపద వస్తే 1098. దిగులు, ఆందోళన, బాలింత మనోవ్యథకు టెలీ-మానస్ 14416. ఇది 2022 అక్టోబరు 10న మొదలైంది, ఇందులో తెలుగులో మాట్లాడే వీలుంది.

ఈ నంబర్లు, ప్రమాద సూచనలు, మీ ఊరి ఆశా, నర్సుల ఫోను నంబర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఒకవైపు తెలుగులో, రెండోవైపు మీ రాష్ట్ర భాషలో రాసి కార్డుతో పాటు పెట్టండి. రాత్రిపూట అవసరం పడితే ఇంట్లో ఎవరున్నా చదవగలగాలి, ఆసుపత్రిలో ఎవరికి చూపినా అర్థం కావాలి.